రెండుసార్లే వచ్చిన ఆదివారం

సంఘ పంచాంగంలో ఏటా తప్పక వచ్చే ఆదివారాలు ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి మాత్రమే వచ్చేవీ ఉన్నాయి. త్రిత్వ పండుగ తర్వాత వచ్చే 27వ ఆదివారం ఈ రెండో రకానిది. ఈస్టర్ మార్చి 26నగానీ అంతకంటే ముందుగానీ వచ్చిన ఏడాదే దానికి చోటు దొరుకుతుంది. మిగిలిన ఏళ్లలో ఆ ఆదివారం రాకముందే ఆగమన కాలం మొదలైపోతుంది.

జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 27 ఏళ్లు సంగీత పరిచర్య చేశారు. అన్నేళ్లలో ఆ ఆదివారం రెండుసార్లే వచ్చింది, 1731లో ఒకసారి, 1742లో ఒకసారి. 1731 నవంబరు 25న, అది మొదటిసారి వచ్చినప్పుడు, ఆయన సంఘం ముందుంచిన కాంటాటాను క్రైస్తవ లోకం నేటికీ పాడుకుంటోంది. జర్మన్ భాషలో దాని పేరు 'వాఖెట్ ఆఉఫ్'. మేల్కొనండి అని దాని అర్థం.

మళ్లీ ఎన్నేళ్లకు వస్తుందో తెలియని ఒక్క ఉదయం కోసం ఆయన ఇంత శ్రమ ఎందుకు పడ్డారు? ఆగమన కాలం గుమ్మంలో ఉన్న ఈ వారం పాఠకులతో కలిసి మేము ఆలోచించదలచింది దీన్ని గురించే. దానికి ముందు, ఆ కాంటాటాకు మూలమైన కీర్తన ఎక్కడ పుట్టిందో చూద్దాం.

సమాధుల తోట పక్కన పుట్టిన కీర్తన

బాఖ్ పుట్టడానికి దాదాపు 90 ఏళ్ల ముందు, వెస్ట్‌ఫేలియా ప్రాంతంలోని ఊనా అనే చిన్న పట్టణంలో ఫిలిప్ నికోలాయ్ అనే లూథరన్ పాస్టరు ఉండేవారు. ఆయన అక్కడికి వచ్చిన మరుసటి ఏడాదే, 1597లో, ఆ ఊరికి ప్లేగు వచ్చింది. కొద్ది నెలల్లో 1,300 మందికి పైగా చనిపోయారు. పాస్టరుగారి ఇంటి కిటికీలోంచి చూస్తే సమాధుల తోట కనిపించేది. రోజూ భూస్థాపనలే. ఒక్కోరోజు ఒకటి కాదు, రెండు కాదు, వరసగా జరిగేవి. ఆ ఇంట్లో కూర్చుని ఆయన నిత్యజీవాన్ని గురించి చదివారు, ధ్యానించారు, రాశారు. ఆ రాతలు 1599లో పుస్తకంగా వచ్చాయి. నిత్యజీవపు ఆనందాన్ని చూపే అద్దం అని దాని పేరుకు అర్థం. చుట్టూ శవాలు లేస్తుంటే ఆయన ఎంచుకున్న మాట ఆనందం!

ఆ పుస్తకం చివర ఆయన చేర్చిన కీర్తనల్లో 'వాఖెట్ ఆఉఫ్' ఒకటి. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని పదిమంది కన్యకల ఉపమానం దానికి ఆధారం. అర్ధరాత్రి కావలివారి కేక వినిపిస్తుంది, పెండ్లికుమారుడు వస్తున్నాడు, పట్టణం మేల్కొంటుంది. కీర్తనకు మూడు చరణాలు. వాటి మొదటి అక్షరాలను కింది నుంచి పైకి చదివితే, ప్లేగుకు బలైపోయిన తన శిష్యుడైన వాల్డెక్ యువ ప్రభువు బిరుదు గుర్తుకు వచ్చేలా నికోలాయ్ కూర్చారు. పిల్లవాడి వయసు 15 ఏళ్లు. అతని జ్ఞాపకాన్ని పాస్టరుగారు సమాధి రాయి మీద కాక పెండ్లి పాటలో చెక్కారు.

తల్లిదండ్రులు లేని పిల్లవాడు

బాఖ్ 1685 మార్చి 21న ఐసెనాఖ్‌లో పుట్టారు. ఆ ఊరి కొండమీద వార్ట్‌బర్గ్ కోట ఉంది. మార్టిన్ లూథర్ కొత్త నిబంధనను జర్మన్‌లోకి తర్జుమా చేసింది ఆ కోటలోనే. లూథర్ బాల్యంలో చదివిన లాటిన్ బడిలోనే తర్వాత రెండు వందల ఏళ్లకు బాఖ్ కూడా చదువుకున్నారు. సంఘమంతా కలిసి సొంత భాషలో పాడే కీర్తన ఆ ప్రాంతపు ఇళ్లలో రోజువారీ అన్నం లాంటిది. బాఖ్ వంశంలో తరతరాలుగా సంగీతమే వృత్తి.

పదేళ్లు నిండకముందే అతనికి తల్లి పోయింది, ఏడాది తిరగకముందే తండ్రీ పోయాడు. ఓర్డ్రుఫ్‌లో ఆర్గన్ వాయించే పెద్దన్న చేరదీసి చదువు, సంగీతం నేర్పించాడు. 15వ ఏట అన్నకు భారం కాకూడదని, ఎర్డ్‌మాన్ అనే స్నేహితునితో కలిసి 300 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న లూనెబర్గ్‌కు వెళ్లాడు. అక్కడి చర్చి పాటల బృందంలో పాడితే బడి చదువు సాగుతుంది. ఈ ఎర్డ్‌మాన్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

18వ ఏట ఆర్న్‌స్టాట్‌లో ఆర్గన్ వాయించే ఉద్యోగం దొరికింది. 1705లో నాలుగు వారాల సెలవు తీసుకుని, బుక్స్‌టెహూడె అనే పెద్ద విద్వాంసుణ్ణి వినడానికి సుమారు 400 కిలోమీటర్లు నడిచి ల్యూబెక్ చేరారు. తిరిగి వచ్చింది దాదాపు నాలుగు నెలల తర్వాత. సంఘ పెద్దలు పిలిచి నిలదీశారు. ఆలస్యం ఒక్కటే కాదు, ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. కీర్తనలకు వాయించేటప్పుడు ఆయన వింత వింత స్వరాలు కలపడంతో పాడుతున్న జనం తికమకపడుతున్నారట. ఆ ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. కుర్రవాడికి విద్య ఉంది. ఆ విద్య సంఘం నోట్లోని పాటను మోయాలే తప్ప ముంచకూడదు. ఈ పాఠం ఎంత లోతుగా నాటుకుందో 1731లో చూస్తాం.

తర్వాత ముల్‌హౌసెన్, ఆ రోజుల్లోనే మరియా బార్బరాతో వివాహం. 1708లో ఆ ఊరు వదిలేటప్పుడు, దేవుని మహిమ కోసం చక్కగా క్రమపరచిన చర్చి సంగీతాన్ని నెలకొల్పడమే తన గురి అని పెద్దలకు రాసి ఇచ్చారు. వైమార్ ప్రభువు కొలువులో ఉన్నప్పుడు, నేర్చుకునేవారి కోసం ఏడాది పొడవునా పనికొచ్చే కీర్తనలకు చిన్న చిన్న ఆర్గన్ రచనలు చేయడం మొదలుపెట్టారు. 164 అనుకుంటే 46 దగ్గర ఆగింది. 1717లో వేరే కొలువుకు వెళ్తానని పట్టుబట్టినందుకు ప్రభువుకు కోపం వచ్చి దాదాపు నాలుగు వారాలు చెరలో పెట్టించాడు. బాఖ్ మెత్తని మనిషి కాదు. పట్టుదల, కోపం రెండూ ఉన్నవాడు. దేవుడు వాడుకునే మనుషులందరూ సాధువుల్లా ఉండరని మనకు లేఖనాలే చెబుతున్నాయి.

కొథెన్‌లో ప్రభువు సంగీతప్రియుడు, అక్కడ బాఖ్ గౌరవంగా బతికారు. అక్కడే 1720 జులైలో పెద్ద దెబ్బ తగిలింది. ప్రభువుతో కలిసి కార్ల్స్‌బాద్ వెళ్లి తిరిగొచ్చేసరికి భార్య చనిపోయింది, భూస్థాపన కూడా అయిపోయింది. చివరి చూపు కూడా దక్కలేదు. ఇంట్లో నలుగురు పిల్లలు తల్లి లేనివారయ్యారు. మరుసటి ఏడాది డిసెంబరులో గాయని అన్నా మగ్దలేనాను ఆయన పెళ్లి చేసుకున్నారు. ఆమె ఆ నలుగురికీ తల్లి అయ్యింది, తన భర్త సంగీతాన్ని చేతిరాతతో ఎత్తి రాసి పెట్టే సహకారి కూడా అయ్యింది.

మూడో ఎంపిక

1723లో బాఖ్ లైప్‌జిగ్‌లోని తోమా బడికి కాంటర్‌గా వచ్చారు. పాటలు నేర్పడం, పట్టణ చర్చిలకు సంగీతం సమకూర్చడం కాంటర్ పని. నగర సభవారు మొదట కోరింది ఈయనను కాదు. తెలెమాన్‌ను పిలిస్తే ఆయన రాలేదు. గ్రౌప్నర్‌ను కోరితే ఆయన యజమాని వదల్లేదు. అప్పుడు బాఖ్ వంతు వచ్చింది. మూడో ఎంపికగా వచ్చినవాడు మొదటి ఏళ్లలో చేసిన పని చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. దాదాపు ప్రతి వారం ఒక కాంటాటా సిద్ధం కావాలి. రాయాలి, విడివిడి ప్రతులు ఎత్తించాలి, పిల్లలకు నేర్పాలి, ఆదివారం ఉదయం పాడించాలి. మళ్లీ సోమవారం నుంచి కొత్తది మొదలుపెట్టాలి.

రెండో ఏడాది, 1724 జూన్ నుంచి, ఆయన ఒక కొత్త క్రమం పట్టారు. ఆ ఆదివారానికి తగిన సంఘ కీర్తన ఒకటి తీసుకుని, దాని చుట్టూ కాంటాటా అల్లడం. 1725 మార్చి వరకు అలా సుమారు 40 వచ్చాయి. ఆ సంవత్సరం ఈస్టర్ ఏప్రిల్‌లో రావడంతో త్రిత్వ కాలం 25వ ఆదివారంతోనే ముగిసింది. 27వ ఆదివారం లేదు, దానికి కాంటాటా కూడా లేదు. వరుసలో ఒక ఖాళీ మిగిలిపోయింది. ఆ ఖాళీ ఉందని ఆయనకు తప్ప ఎవరికి తెలుసు? నింపకపోతే ఎవరు అడుగుతారు?

చీకటి ఏడాది

ఖాళీ నింపే అవకాశం వచ్చేసరికి ఆయన జీవితం ఎలా ఉందో చూడండి. 1726 నుంచి 1730 జనవరి వరకు ఆ ఇంటి నుంచి నాలుగు చిన్న శవపేటికలు వెళ్లాయి. మూడేళ్ల కూతురు, మూడేళ్ల కొడుకు, పుట్టిన రెండు మూడు రోజులకే కన్నుమూసిన ఇద్దరు పసివాళ్లు. ఇద్దరు భార్యల ద్వారా ఆయనకు 20 మంది పిల్లలు పుడితే పది మందే పెరిగి పెద్దవారయ్యారు.

బయట కూడా మనశ్శాంతి లేదు. 1730 ఆగస్టులో నగర సభవారు ఆయన సరిగా పనిచేయడం లేదని తప్పుపట్టి, ఆదాయానికి కోత పెట్టాలని చూశారు. అదే నెలలో ఆయన సభకు ఒక వివరమైన మనవి రాశారు. చర్చిల్లో పాడటానికి తన చేతిలో ఉన్న బడి పిల్లల్లో 17 మంది పనికొస్తారు, 20 మంది ఇంకా తయారు కావాలి, మరో 17 మంది బొత్తిగా పనికిరారు అని లెక్క చెప్పారు. ఆ మనవితో పెద్దగా ఒరిగిందేమీ లేదు. అక్టోబరులో తన చిన్ననాటి స్నేహితుడు ఎర్డ్‌మాన్‌కు ఉత్తరం రాసి, మరో చోట ఉద్యోగం చూడమని కోరారు. ఈ ఊళ్లో ఖర్చులు ఎక్కువ, పైవారికి సంగీతం మీద శ్రద్ధ తక్కువ అని వాపోయారు. ఊరు ఆరోగ్యంగా ఉంటే అంత్యక్రియలు తగ్గి, వాటికి పాడినందుకు వచ్చే రాబడి కూడా తగ్గిపోతోందని చెప్పుకొన్నారు. చదివితే నవ్వు, జాలి రెండూ కలుగుతాయి. ఇల్లు గడవడం కష్టమైన సేవకుని మాట అది. మన మధ్య కూడా అలాంటి సేవకులు ఉన్నారు.

వేరే ఉద్యోగం దొరకలేదు. ఆయన లైప్‌జిగ్‌లోనే ఉండిపోయారు. ఇలాంటి స్థితిలో 1731 సంవత్సరం వచ్చింది. ఈస్టర్ మార్చి 25న పడింది. అంటే నవంబరు చివర ఆ అరుదైన ఆదివారం వస్తుంది, ఆ రోజు చదవాల్సిన సువార్త పదిమంది కన్యకల ఉపమానం. ఖాళీగా ఉన్న చోటు ఇప్పుడు పిలుస్తోంది. పాత కాంటాటా ఏదో ఒకటి తీసి పాడించి ఊరుకుంటే అడిగేవారు లేరు. ఆయన నికోలాయ్ కీర్తనను తీసుకున్నారు.

పాటలో ఏముంది

కాంటాటా సుమారు అరగంట నడుస్తుంది. అందులో ఏడు భాగాలు. మొదటిది, నాలుగోది, ఏడోది కీర్తన మూడు చరణాలే, ఒక్క మాటా మార్చలేదు. నడుమ వచ్చే భాగాల్లో ఆత్మ, క్రీస్తు ఇద్దరూ ప్రేమతో మాట్లాడుకుంటారు. ఆత్మ తరఫున సన్నని పై గొంతు, క్రీస్తు తరఫున లోతైన బాస్ గొంతు పాడతాయి.

మొదటి భాగంలో వాద్యాలు రాచ ఊరేగింపు నడకలో సాగుతాయి. పై గొంతులవారు కీర్తన బాణీని దీర్ఘ స్వరాలతో నెమ్మదిగా పాడతారు, కొమ్ము వాద్యం వారికి తోడుగా ఉంటుంది. కింది మూడు గొంతులు మాత్రం చుట్టూ పరుగులు తీస్తాయి, ఒకరినొకరు తట్టి లేపుకుంటున్నట్టు ఉంటుంది. హడావుడి ఎంత ఉన్నా కీర్తన బాణీ మాత్రం చెదరదు.

నాలుగో భాగం అందరికీ తెలిసినది, పెళ్లిళ్లలో ఆర్గన్ మీద విన్నవారు చాలామంది ఉంటారు. వయొలిన్లు, వయోలాలు అన్నీ కలిసి ఒకే బాణీ వాయిస్తాయి. అది కీర్తన బాణీ కాదు, వేరే రాగం, తాపీగా నడిచే తీయని రాగం. కాసేపటికి టెనర్ గొంతులో కీర్తన వచ్చి చేరుతుంది. రెండూ దేని దారిన అది సాగినా ఒకదానికొకటి ఎక్కడా అడ్డురావు. పెండ్లికుమారుడు వీధిలో నడిచి వస్తున్నాడు, కావలివారు పాడుతున్నారు, పట్టణం సంతోషిస్తోంది. వింటున్నప్పుడు ఇది మనసుకు తెలుస్తుంది.

ఏడో భాగంలో అలంకారాలన్నీ తీసేశారు. కీర్తన చివరి చరణం నాలుగు గొంతుల్లో, సాదాగా, సంఘానికి కంఠస్థమైన బాణీలో వినిపిస్తుంది. ఆర్న్‌స్టాట్‌లో పాడేవారిని తికమకపెట్టిన కుర్రవాడు 46వ ఏట తన విద్య మొత్తం చూపించి, చివరకు పాటను సంఘానికి అప్పగించి పక్కకు తప్పుకున్నాడు.

ఇంకొక్కటి గమనించాలి. ఉపమానంలో మూసిన తలుపు ఉంది, బయట నిలబడ్డ ఐదుగురు ఉన్నారు. అది ప్రభువు చెప్పిన మాట, దాన్ని దాటవేసే హక్కు మనకు లేదు. అయితే నికోలాయ్ ఆ తలుపు దగ్గర ఆగలేదు, బాఖ్ కూడా ఆగలేదు. ఇద్దరూ మరణాన్ని దగ్గరగా చూసినవారే. ఊరంతటిని పాతిపెట్టిన పాస్టరుకు, సొంత బిడ్డలను పాతిపెట్టిన తండ్రికి జనాన్ని భయపెట్టడం తేలికే. ఇద్దరూ విందు ఇంటి వైపే చూపించారు. ప్రభువు రాకడ మనకు మొదట శుభవార్త. మేల్కొని ఉండమన్నది వచ్చేవాడు ప్రియుడు గనుక.

మిగిలిన నూనె

తర్వాతి ఏళ్లలో బాఖ్ ఆ నాలుగో భాగాన్ని ఆర్గన్‌కు మార్చారు. 1748 ప్రాంతంలో షూబ్లర్ అనే ఆయన అచ్చువేసిన ఆరు కీర్తన రచనల్లో అది మొదటిది. ఆయన రచనల్లో అచ్చయినవే తక్కువ, వాటిలో దీనికి చోటు దొరికింది. చివరికి చూపు మందగించింది. 1750లో జాన్ టేలర్ అనే ఇంగ్లిష్ వైద్యుడు రెండుసార్లు కంటికి శస్త్రచికిత్స చేశాడు, ఫలితం లేకపోగా ఒళ్లు క్షీణించింది. ఆ ఏడాది జులై 28న, 65వ ఏట, బాఖ్ ప్రభువు నిద్రలోకి వెళ్లారు. అప్పట్లో ఆయన సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా పెట్టలేదు.

అన్నా మగ్దలేనా కీర్తన కాంటాటాల వాద్య ప్రతులను తోమా బడికి ఇచ్చి, దానికి బదులు మరికొన్ని నెలలు ఆ ఇంట్లో ఉండే వీలు పొందింది. పదేళ్ల తర్వాత, 1760లో, ధర్మం మీద బతికే విధవరాలిగా కన్నుమూసింది. బడి అలమరలో ఆ ప్రతులు ఉండిపోయినందువల్లే 'వాఖెట్ ఆఉఫ్' ఈనాడు మనకు వినిపిస్తోంది. ఆమె పేదరికం ఖరీదుకు మనకు దక్కిన పాట ఇది. మన మందిరాల్లో ఇది వినిపించినప్పుడు బాఖ్‌తో పాటు ఆమెను కూడా తలచుకోవడం న్యాయం.

ఇక మొదట వేసుకున్న ప్రశ్న. బుద్ధిగల కన్యకలు అర్ధరాత్రి కేక విన్నాక నూనె కొనలేదు. పగలే, ఎవరూ గమనించని వేళ, సిద్దెలు నింపుకున్నారు. బాఖ్ కూడా అంతే. 1731 నవంబరులో ఆయన చేతికి ఆ సంగీతం ఒక్కసారిగా రాలేదు. జీతం చాలని నెలల్లో, సగం మందికి పాడటం రాని పిల్లలతో, మెచ్చుకోని పెద్దల కింద, వారం తర్వాత వారం చేసిన పనే ఆయన సిద్దెలో నూనె అయింది. చాలా రచనల మొదట్లో యేసు సహాయం కోరుతూ రెండు అక్షరాలు, చివర దేవునికే మహిమ చెల్లిస్తూ మూడు అక్షరాలు వేయడం ఆయన అలవాటు. వినేవారు ఎందరు, మళ్లీ ఎప్పుడు పాడతారు అన్న లెక్క ఆ అక్షరాల్లో లేదు.

మన సంఘాల్లో ఐదుగురు పిల్లలతో సండేస్కూలు నడిపే అక్కలు ఉన్నారు. పది మంది రాని ఉపవాస కూటానికి రాత్రంతా వాక్యం సిద్ధం చేసుకునే పల్లె పాస్టర్లు ఉన్నారు. పండుగకు తప్ప ఎవరూ గుర్తుచేసుకోని క్వయర్ మాస్టర్లు ఉన్నారు. మీరు చేసేది చిన్న పని అని ఎవరైనా అంటే, రెండుసార్లే వచ్చిన ఆ ఆదివారాన్ని జ్ఞాపకం చేసుకోండి. ఆ ఉదయం లైప్‌జిగ్ మందిరంలో కూర్చున్నవారిలో మళ్లీ దాన్ని వింటామని ఎవరు అనుకుని ఉంటారు?

వచ్చే ఆదివారం ఆగమన కాలపు మొదటి దివ్వె వెలిగిస్తాం. వెలిగించే ముందు మన సిద్దెలో నూనె ఎంత ఉందో ఒక్కసారి చూసుకుందాం. పెండ్లికుమారుడు ఏ గడియలో వచ్చినా, మన చేతిలో ఉన్న చిన్న పని మధ్యలోనే మనల్ని కలుసుకోవాలని ప్రార్థిద్దాం.